చీర లేని రవికె గుడ్డలు

రాజమండ్రి తాడితోటలో మా నాన్నది మ్యాచింగ్ సెంటర్. చీరలు అమ్మే కొట్టు కాదు. వేరే ఎక్కడో కొన్న చీరను సంచిలో పెట్టుకుని వచ్చే ఆడవాళ్లకు, దానికి సరిపోయే రవికె గుడ్డా, లంగా, ఫాలూ చూసి ఇచ్చే కొట్టు. పెళ్లిలో చీర బాగుంటే పేరు చీరల కొట్టుకి వస్తుంది. రవికె రంగులో తేడా వస్తే తిట్లు మాత్రం మాకు వస్తాయి. అలాంటి వ్యాపారం మాది.

నేను ఆ కొట్టులోనే పెరిగాను. బడి వదిలాక ఇంటికి కాదు, కౌంటరు వెనక్కే వచ్చేదాన్ని. ఎక్కాల కంటే ముందు బేరం వచ్చింది నాకు. కొనడానికి వచ్చినవాళ్ల కళ్లు ఏ తాను మీద ఆగాయో, అది నచ్చనట్టు నటిస్తూ ఏ తాను గురించి అడుగుతున్నారో ఇట్టే చెప్పేదాన్ని. పెళ్లిచూపుల్లో నేను ఆయన్ని అటూ ఇటూ తిరగేసి చూసినట్టు చూశాననీ, ఎక్కడైనా చిరుగుంటే రేటు తగ్గించి అడుగుదామన్నట్టు ఉందనీ మావారు ఇప్పటికీ అంటుంటారు. ఆయనది ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. మా పుట్టిల్లూ ధవళేశ్వరమే కాబట్టి, పెళ్లయ్యాక నేను వెళ్లింది రెండు వీధుల అవతలికి. పొద్దున్నే నాన్నతో పాటు కొట్టుకు వెళ్లడం ఆగలేదు.

రంగుల మీద నాన్నకున్న పట్టు తాడితోట మార్కెట్టంతా ఎరిగినదే. చీర కొంగు రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి అరలోంచి తాను లాగేవారు. చిలకపచ్చ, నెమలికంఠం, పాలపిట్ట నీలం, మామిడిచిగురు, ఉల్లిపొర, గంధం, దొండపండు. పేర్లు వింటే మాది కొట్టు కాదు, తోట అనుకోవాలి. నిజానికి నాన్న చిలకను పంజరంలో తప్ప చూడలేదు. పాలపిట్టను అసలు చూడలేదు. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు గానీ, దసరాకి మాకు సీజను. సీజనులో నాన్న చూసేది కొంగులే.

ధవళేశ్వరంలో మా ఇంటి పెరటి గోడ అవతల ఒక ఖాళీ స్థలం ఉండేది. అన్నదమ్ముల తగాదాలో పడి కోర్టులో ఉన్న స్థలం. తగాదా ఉన్నంతకాలం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రెండు పాత మామిడి చెట్ల కింద తలంబ్రాల పొదలు, శంఖుపూల తీగలు, ఈత మొక్కలు, ఉత్తరేణి, తుమ్మి ఇష్టం వచ్చినట్టు పెరిగాయి. ఆ చివర కాలువ గట్టు. మా వంటింటి కిటికీ అటే తెరుచుకునేది. అమ్మ పొద్దంతా ఆ కిటికీ దగ్గరే ఉండేది.

ఇక నా కెమెరా సంగతి. తొంభైల మధ్యలో ఒక స్టూడియో ఆయన కొత్తది కొనుక్కుని పాత కెమెరా, దానితో పాటు చెంబులాంటి పొడుగు లెన్సు అమ్మకానికి పెట్టాడు. మావారు పక్కన నిలబడి "మనకెందుకు?" అని అడుగుతూనే ఉన్నారు. నాకూ ఎందుకో తెలియదు. బేరం మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. మధ్యలో ఎలా ఆపుతాం? స్టూడియో ఆయన పట్టు వదిలాడు, నేను కెమెరా పట్టుకుని ఇంటికి వచ్చాను, వచ్చాక తెలిసింది దాన్ని ఎటువైపు నుంచి చూడాలో కూడా నాకు రాదని.

ముందు పూలు తీశాను. పూలు ఒకటే రేటు సరుకులాంటివి, ఉన్నచోటే ఉంటాయి. సీతాకోకచిలుకలు వస్తాయి, వాలతాయి, రెక్క ముడుస్తాయి, తెరుస్తాయి, నేను బటన్ నొక్కేసరికి పక్క పువ్వు మీదికి పోతాయి. అయినా మళ్లీ వస్తాయి. బేరానికి లొంగే రకం. పిట్టలు అలా కాదు. నీడ పడితే చాలు, కొట్టు మెట్టు దిగిపోయిన గిరాకీలాగా మళ్లీ వెనక్కి చూడవు.

ఆదివారం పొద్దున్న కాలువ గట్టు మీద వంగి తుమ్మిపూవును ఫొటో తీస్తుంటే సైకిలు మీద పోయే ఒక పెద్దాయన ఆగాడు.

"ఏంటమ్మా, స్థలం అమ్మకానికొచ్చిందా? ఫొటోలు తీస్తన్నారు?"

"లేదండి. తుమ్మిపూవు."

"దానికి ఫొటో ఎందుకండీ? మా గేదె తినకపోతే రేపూ ఇక్కడే ఉంటది."

కలర్ ల్యాబ్ ఆయనతో నాది వేరే యుద్ధం. బొమ్మ సరిగ్గా పడినవాటికే డబ్బులిస్తానని ఒప్పందం చేసుకున్నాను. ఒకసారి ఆయన ఓపిక నశించి, "మేడమ్, కొమ్మ ఎంత బాగా పడిందో చూడండి. పిట్ట ఎగిరిపోతే అది నా తప్పా?" అన్నాడు. "పిట్ట లేని కొమ్మ మా ఇంట్లోనే ఉందండీ" అన్నాను. ఆ కొమ్మకు డబ్బులివ్వలేదు.

పడిన ఫొటోలు అమ్మకు చూపించేదాన్ని. తడి చేతులు కొంగుకు తుడుచుకుని అంచులు పట్టుకుని చూసేది. గోరింక, జిట్టంగి, తేనెపిట్ట. "బానే పడింది" అనేది. ఇంకేం అనేది కాదు.

అమ్మ కొట్టుకు రావడం అరుదు. వచ్చినా మేం ఊపిరి సలపని సీజనులోనే వచ్చేది. ఒక దసరా ముందు సాయంత్రం నాకు బాగా గుర్తుంది. కౌంటరు ముందు మూడు వరసల జనం. అమ్మ ధవళేశ్వరం నుంచి బస్సులో వచ్చి, ఎవరినీ తోసుకోకుండా పక్కన నిలబడింది. నాన్న ఆలస్యంగా చూశారు.

"ఏంటి, ఇలా వచ్చావ్? ఇంట్లో అంతా బానే ఉందా?"

"బానే ఉందండి. ఒక రవికె గుడ్డ కావాలి. నీలం."

"చీర ఏదీ?"

"చీర లేదండి."

"చీర లేకుండా నీలం అంటే ఏ నీలం ఇమ్మంటావు? అరంతా నీలాలే నా దగ్గర."

అమ్మ గొంతు తగ్గించింది. "పెరట్లోకి ఒక పిట్ట వచ్చిందండి. ఎగిరినప్పుడు కనపడింది ఆ నీలం. మీరు చూస్తే పేరు చెప్పేస్తారు. రేపు పొద్దున్న కాసేపు ఆగి వెళ్తే..."

"సీజన్లో ఆగడమా!" నాన్న నవ్వి జనం వైపు తిరిగారు. "విన్నారా అండీ, మా ఇంటావిడ పిట్టకి రవికె కుట్టిస్తుందంట."

ముందు వరసలో ఆడవాళ్లు పక్కుమన్నారు. అమ్మ కూడా నవ్వింది. మా గుమాస్తా, నాన్న కంటే వయసులో పెద్దవాడు, అందుకున్నాడు. "ఆది రవికె తెచ్చారా అమ్మగారూ? పిట్టలకి చంక దగ్గర పట్టేస్తదండి."

నాన్న నీలం తానులు ఒక్కొక్కటీ కౌంటరు మీద విసిరారు. ఒకదాని దగ్గర అమ్మ తలూపింది. నాన్న గాటు పెట్టి, చర్రున చింపి, మడత పెట్టి ఇచ్చారు.

"దానికి కొంచెం మెరుపు ఉంటుందండి" అంది అమ్మ.

"మెరుపు కావాలంటే సాటిన్ తీసుకో. ఆ, మీదేంటమ్మా, ఆ మెరూన్ చీరేనా?"

అమ్మ గుడ్డను సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఏడాది వానల్లో అమ్మ పోయింది. జ్వరమే అనుకున్నాం, కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పటికి కాలేయం దాకా పోయిందన్నారు. ఆమె జబ్బుగా ఉండడం మేం సరిగ్గా చూడనైనా లేదు, అంత తొందరగా జరిగింది.

కార్యక్రమాలు అయ్యాక అమ్మ చీరలు బంధువులకు పంచడానికి మేనత్త ట్రంకుపెట్టె తెరిచింది. చీరలన్నీ తీశాక అడుగున, కుట్టించని రవికె గుడ్డలు నాలుగు మిగిలాయి. నీలం, ఆకుపచ్చ, గంధం, దొండపండు ఎరుపు. అత్త వాటిని ఉన్న చీరలన్నిటి పక్కనా పెట్టి చూసింది. ఏదీ దేనికీ కలవలేదు.

"మ్యాచింగ్ సెంటరు వాడి పెళ్లాం పెట్టెలో చీర లేని రవికె గుడ్డలేంటిరా?" అంది నాన్నతో.

నాన్న వాటిని ఒళ్లో పెట్టుకున్నారు. కొట్టులో అయితే తాను చూసి ఏ సంవత్సరం సరుకో చెప్పగలరు. ఇక్కడా అలాగే చెప్పడం మొదలుపెట్టారు. "ఇది పోయిన దసరాకిచ్చింది. ఈ పచ్చ అంతకుముందు ఏడు పెళ్లిళ్లప్పుడు, కొత్తగా దిగిన టూ బై టూ గుడ్డ. గంధం అదే ఏడు దీపావళికి. ఈ ఎర్రది... ఇదీ ముహూర్తాలప్పుడే, జనం బాగా ఉన్నారు. అన్నిటికీ పిట్ట అనే చెప్పింది. పిట్ట వచ్చిందండి, రేపు చూసి వెళ్లండి అంది. ప్రతిసారీ గుడ్డ చింపి ఇచ్చాను."

అత్త ముక్కు చీదుకుంది. నాన్న ఏడవలేదు. గుడ్డలు మడతలు పెట్టి, నా వైపు చూసి, "నీ దగ్గర కెమెరా ఉందిగా" అన్నారు. "ఆ పిట్టలేంటో పట్టుకో అమ్మా. ఆవిడ ఏం చూసిందో నేనూ చూడాలి."

నాన్న నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. అమ్మడం నేర్పారు, కొనడం నేర్పారు, కావాలని అడగడం ఆయనకే రాదు. అందుకని, ఏళ్ల తరబడి సరదాగా తిరిగిన నేను ఆ రోజు నుంచి పనిగా తిరిగాను.

మేం దాన్ని మాకు తెలిసిన పద్ధతిలోనే చేశాం. చీర పట్టుకురాని గిరాకీకి ఏం చేస్తాం? ఉన్నదంతా తీసి పరుస్తాం, వాళ్లే ఇది కాదు, ఇది కాదు అంటూ కావలసినదాని దగ్గరికి వస్తారు. నేను ఫొటోలు తెచ్చేదాన్ని. మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక నాన్న నాలుగు గుడ్డలూ కౌంటరు మీద పరిచి ఒక్కో ఫొటో పక్కన పెట్టేవారు. ట్యూబ్‌లైటు కింద రంగు నమ్మకూడదని గుడ్డనూ ఫొటోనూ పట్టుకుని రోడ్డు మీదకు ఎండలోకి నడిచేవారు. మార్కెట్టులో వాళ్లు చూసి తలలు తిప్పుకునేవారు.

నీలానికి పాలపిట్ట తెచ్చాను. "ముదురైపోయింది" అన్నారు. భీమవరం వైపు చేపల చెరువుల దగ్గర, పిట్టలు చేపలు తినకుండా తాళ్లు కట్టి టపాకాయలు కాలుస్తుంటే ఆ మోతలో లకుముకి పిట్టను పట్టుకొచ్చాను. "దగ్గరికొచ్చింది, ఇది కాదు." ఆకుపచ్చకు చిలకలు, ఆత్రేయపురం కాలువ దారిలో కరెంటు తీగల మీద కూర్చుని తేనెటీగలు పట్టే సన్న ముక్కు పిట్టలు. "పచ్చలో పసుపు ఎక్కువైందమ్మా. మీ ల్యాబ్ వాడు వేసిన రంగా, పిట్ట రంగా ఇది?" ల్యాబ్ ఆయనతో మళ్లీ గొడవ. "మేడమ్, నేను ప్రింట్లు వేస్తాను గానీ పిట్టలకి రంగులు వెయ్యను కదండీ" అన్నాడు పాపం. గంధం రంగుకు ఏ పిట్టా దొరకలేదు. దొండపండు ఎరుపు పిట్ట అసలు మా జిల్లాలో ఉందో లేదో తెలియలేదు.

పాత పుస్తకాల వాడి దగ్గర పిట్టల పుస్తకం ఒకటి ఇంగ్లీషుది కొన్నాను. రంగు బొమ్మలున్న పుస్తకం. నాన్నకి ఇంగ్లీషు అక్కర్లేదు కాబట్టి పేజీలు తిప్పేవారు. ఒక పేజీలో పొట్టి తోక పిట్ట ఒకటి రంగురంగులుగా నిలబడి ఉంటే, వేలు దాని మీద పెట్టి, వెంటనే తీసేసి, "ఇది ప్రింటెడ్ అమ్మా. మనకి ప్లెయిన్ కావాలి" అని పేజీ తిప్పేశారు. నాకూ సబబే అనిపించింది. మా కొట్టులో పువ్వుల గుడ్డలకు చోటు లేదు. ఒక చీర, దానికి ఒక రంగు, ఆ రంగుకు ఒక గుడ్డ. పుట్టినప్పటి నుంచీ అదే చూశాం. నాలుగు గుడ్డలంటే నాలుగు పిట్టలని ఇద్దరికీ ఎంత రూఢి అంటే, ఆ మాట పైకి అనుకోనైనా లేదు.

పెరటి వెనక స్థలంలో కూడా కాపు కాశాం. ఆదివారాల్లో నాన్న వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవారు. స్టవ్ మీద పాలు పొంగినా చూసుకునేవారు కాదు. పిచ్చుకలు, గోరింకలు, ఒక ముంగిస. దసరా దగ్గర పడగానే మాత్రం "సీజన్ అయ్యాక చూద్దాంలే" అనుకుని ఇద్దరం కొట్టుకు పోయేవాళ్లం. పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడూ అంతే. అమ్మ కోసం వెతుకుతూ కూడా మేం కొట్టు వేళలు మార్చుకోలేదు.

అలా ఏళ్లు దాటాయి. రెండువేల సంవత్సరం వచ్చి వెళ్లింది. ఒక వేసవి మొదట్లో కడియంలో ఒక నర్సరీకి వెళ్లాను, అక్కడి నిమ్మ మొక్కల మీద నల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెడుతున్నాయంటే. ఆ నర్సరీ వాళ్లు మా పాత ఖాతాదారులు, వాళ్లింటి పెళ్లిళ్ల రవికెలన్నీ మావే. సపోటా చెట్ల కింద నీడలో నేను నిమ్మ మొక్క ముందు కూలబడి ఉంటే, పక్కన ఎండుటాకుల్లో ఏదో గెంతింది. ఎలుక అనుకున్నాను. కాదు, పిట్ట. పావురం పిల్లంత ఉంది, తోక ఉందా అంటే ఉంది. నన్ను చూసి గెంతడం ఆపింది. ఒకే ఒక్క ఫొటో పడింది, మరుక్షణం అది ఆకుల మధ్యకు పోయింది.

ప్రింటు చేతికి వచ్చాక ల్యాబ్ ముందు రోడ్డు మీదే నిలబడిపోయాను. వీపు ఆకుపచ్చ. రొమ్ము గంధం. తోక కింద దొండపండు ముక్క అతికించినట్టు ఎరుపు. రెక్క అంచున నీలం, మెరుపుతో సహా.

కొట్టుకు వెళ్లి ఫొటో కౌంటరు మీద పెట్టాను.  నాన్న అలవాటు కొద్దీ గుడ్డలు తీసి పక్కన పెట్టబోయి, నీలం పెట్టారు, పచ్చ పెట్టారు, ఆగిపోయారు. మిగతా రెండూ చేతిలోనే ఉన్నాయి.

"ఒక్కటేనా?" అన్నారు.

"ఒక్కటే నాన్నా."

"నాలుగూ ఒకదానివేనా?"

గుమాస్తా తొంగి చూసి, "అరెరే, ఒక చీరకి నాలుగు రవికెలండీ బాబుగారూ!" అన్నాడు. ఆయన సరదాగానే అన్నాడు. నాన్న మొహం చూశాక తానులు సర్దే నెపంతో లోపలికి వెళ్లిపోయాడు.

నాన్న ప్రింటెడ్ అని తిప్పేసిన ఆ పేజీ పుస్తకంలో వెతికి చదివి చెప్పాను. మనవైపు దాన్ని పొన్నంగి పిట్ట అంటారని ఆ తర్వాత తెలిసింది. మన ఊళ్లలో కాపురం ఉండదు. వానలయ్యాక దక్షిణానికి పోతూ ఒకసారి, ఎండలు ముదిరేముందు ఉత్తరానికి తిరిగి పోతూ ఒకసారి, అలిసిపోయి దారిలో ఏదో ఒక పొదలో దిగుతుంది. కొద్ది రోజులుంటుంది. వెళ్లిపోతుంది.

"వానలయ్యాక అంటే?" అని అడిగారు నాన్న.

"దసరా, దీపావళి రోజులు."

"ఎండల ముందంటే పెళ్లిళ్లప్పుడు" అన్నారాయనే.

అది వచ్చేది ఏడాదికి రెండుసార్లు, ఆ రెండుసార్లూ మా సీజనులోనే. అమ్మ వచ్చినప్పుడల్లా జనం ఉండడం అందుకే. వచ్చిన ప్రతిసారీ ఆమె అదే పిట్ట గురించి చెప్పింది. ఒకసారి ఎగిరినప్పుడు చూసింది, ఒకసారి వీపు తిప్పి కూర్చుంటే చూసింది, ఇంకోసారి తోక ఎత్తితే చూసింది. ఎంత కనపడితే అంత పట్టుకుని తాడితోట దాకా వచ్చి, నాన్నకు చెప్పి వెళ్లింది.

ఆ రోజు నాన్న కౌంటరు వదిలి లోపల తానుల మీద కూర్చున్నారు. సాయంత్రం దాకా గిరాకీ నేనూ గుమాస్తా చూసుకున్నాం.

దసరాకి పెరటి వెనక స్థలంలో కాపు కాద్దామనుకున్నాం. ఈసారి కొట్టు లేదు, సీజను లేదు అన్నారు నాన్న. కానీ ఆ వేసవిలోనే అన్నదమ్ముల తగాదా తీరింది. ఒక రోజు మేం కొట్టు నుంచి వచ్చేసరికి మామిడి చెట్లు లేవు. పొదలన్నీ ఊడ్చి ఒక మూల పోగేసి కాల్చారు. వంటింటి కిటికీలోంచి చూస్తే కాలువ గట్టు దాకా ఎర్ర మట్టి, ముగ్గు పోసిన పునాది గీతలు. నాన్న కిటికీ చువ్వలు పట్టుకుని చాలాసేపు చూసి, "చాలా పెద్ద స్థలమే" అన్నారు. తర్వాత ఎప్పుడూ ఆ స్టూలు మీద కూర్చోలేదు.

కడియం తీసుకెళ్తానని నేనే అన్నాను. వద్దంటారనుకుని నాలుగు రకాల వాదనలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. దసరా ముందు, కౌంటరు ముందు జనం ఉండగా, నాన్న గల్లాపెట్టె తాళం చెవి గుమాస్తా చేతిలో పెట్టారు.

"సీజన్లోనా బాబుగారూ?"

"నువ్వున్నావుగా."

నర్సరీలో సపోటా చెట్ల కింద నాన్నకు తిరగేసిన సిమెంటు కుండీ ఒకటి చూపించాను, కూర్చోవడానికి. ఇస్త్రీ పంచె, లాల్చీ, పక్కన గుడ్డల సంచి. మొదట్లో కొన్ని పొద్దుటిపూటలు ఊరికే పోయాయి. నర్సరీ ఆయన కొత్త మొక్కలేవో చూపించి అమ్మబోయాడు. నేను అలవాటుగా బేరం మొదలుపెట్టబోతే నాన్న చెయ్యి ఊపి ఊరుకోమన్నారు.

ఆ తర్వాత ఒక రోజు, మంచు ఇంకా ఆకుల మీద ఉండగా, ఈల వినపడింది. రెండు ముక్కల ఈల, ఒకటి పైకి, ఒకటి కిందికి. కాసేపటికి పిట్ట గెంతుకుంటూ వచ్చింది. ముక్కుతో ఎండుటాకుల్ని ఒక్కొక్కటీ తిరగేసి పక్కకు విసురుతోంది. వీపు తిప్పింది, పచ్చ. ఇటు తిరిగింది, గంధం. పురుగు కోసం వంగినప్పుడు తోక కింద ఎరుపు. నేను కెమెరా ఎత్తాను. నాన్న చెయ్యి వచ్చి దాని మీద ఆగింది. కెమెరా దించేశాను. ఎక్కడో బకెట్టు చప్పుడైంది, పిట్ట లేచింది, రెక్క విప్పింది, ఆ నీలం ఒక్కసారి మెరిసి చెట్ల వెనక్కి పోయింది.

నాన్న సంచి తెరవలేదు.

"అదే కదా నాన్నా?" అన్నాను.

"రంగులు అవే" అన్నారు.

"మరి?"

"లాట్ వేరమ్మా."

మా వ్యాపారంలో ఒక చిక్కుంది. ఒకే షేడ్ నంబరు తాను రెండుసార్లు తెప్పిస్తే, రెండోది వేరే రోజు వేరే తొట్టిలో అద్దినదై ఉంటుంది. దేనికది చూస్తే తేడా తెలియదు, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. అందుకే రవికెకు గుడ్డ చాలకపోతే ఇంకో తానులోంచి చేతులకు అతుకు వెయ్యం, గిరాకీ ఎంత బతిమాలినా. నాన్న ఆ సంగతే అంటున్నారని అర్థమైంది. అర్థమైనా ఊరుకోలేకపోయాను. నాకు వచ్చిన విద్య బేరం ఒక్కటే కదా.

"ఇవి ఏటా అదే దారిన వస్తాయంట నాన్నా. మన వెనక స్థలం పోయింది కాబట్టి ఇప్పుడు ఇక్కడ దిగుతోందేమో. ధవళేశ్వరం ఎంత దూరం? పిట్టకి ఒక గాలి. అమ్మ చూసింది దీన్నేనేమో, మనకేం తెలుసు?"

"అయ్యుండొచ్చులే" అన్నారు. కొనే ఉద్దేశం లేకపోయినా అమ్మేవాళ్ల మనసు కష్టపెట్టని మంచి గిరాకీలాగా అన్నారు.

మళ్లీ ఈల వినపడుతుందేమోనని కూర్చున్నాం. వినపడలేదు.

"మీ అమ్మ నీకు చెప్పిందా దీని గురించి?" అని అడిగారు. "నువ్వు కెమెరా పట్టుకుని అక్కడే తిరుగుతుండేదానివిగా."

"లేదు నాన్నా."

"ఒక్కసారి కూడా?"

"నా ఫొటోలు చూసేది. కొట్టులో చెప్తుంటే వినడమే గానీ, ఇలాంటిది ఒకటి వస్తుందని నాతో మాత్రం చెప్పలేదు. చెప్తే నేనే తీసేదాన్నిగా."

"పక్కింటావిడకి?"

"అడిగాను. ఆవిడకీ తెలీదు. అత్తకీ తెలీదు. ఎవరికీ చెప్పలేదు నాన్నా."

నాన్న తలూపారు. మళ్లీ ఇంకా మెల్లగా తలూపారు.

"అయితే నాకొక్కడికే చెప్పింది" అన్నారు. "నలుగురిలో నేను నవ్వినా, మళ్లీ వచ్చి నాకే చెప్పింది."

 ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి, మా ఇంట్లో అలవాటు లేని పని కాబట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాను. ఎండ సపోటా ఆకుల్లోంచి దిగింది. పనివాళ్లు వచ్చి గొట్టం విప్పి వరసల వెంట మొక్కలకు నీళ్లు పెట్టడం మొదలుపెట్టారు. నీళ్లు కాలువ కట్టి కుండీ కిందికి వచ్చి, నాన్న పంచె అంచు తడుస్తోంది. కాళ్లు తీయమని చెప్పాను. ఆయన తీయలేదు. పిట్ట పోయిన వైపే చూస్తూ కూర్చున్నారు.